ఎసెన్సు తప్పా, బోర్డు తప్పా?

కేకుల్లో వేసే ఎసెన్సు విషయంలో మనవాళ్ళు రెండు పార్టీలు. మొదటి పార్టీ "అదంతా కెమికల్ అండీ, మా ఇంట్లోకే రానివ్వం" అంటుంది. రెండో పార్టీ సీసా మూత తీసి, చెయ్యి అడ్డం లేకుండా వంపేస్తుంది. ఎల్.బి.నగర్‌లో ఉంటూ, దిల్‌సుఖ్‌నగర్‌లో తిరుగుతూ రెండు పార్టీల కేకులూ తిన్న అనుభవంతో చెప్తున్నా. మొదటివాళ్ళ కేకు కోడిగుడ్డు వాసనొస్తుంది, రెండోవాళ్ళది అగరొత్తుల కొట్టు వాసనొస్తుంది.

నా మటుకు నాకు ఎసెన్సు వాడటం తప్పు కాదు. అది వేసి, ఇంకేదో వేశామని చెప్పుకోవడమే తప్పు. ఈ రెండూ ఒకటి కాదని చెప్పడానికే ఈ సోదంతా.

అసలు వెనిల్లా సీసా మన వంటింట్లోకి ఎందుకొచ్చిందో చూడండి. చాలా ఇళ్ళల్లో మొదటి కేకు ఓవెన్లో కాదు, ప్రెషర్ కుక్కర్లో అయింది. అడుగున ఇసకో ఉప్పో పోసి, గాస్కెట్టూ విజిలూ తీసేసి, మధ్యలో గిన్నె పెట్టి, సన్నటి మంట మీద ముప్పావు గంట. అందులో వెనిల్లా పని రుచి ఇవ్వడం కాదు, గుడ్డు నీచు వాసన పోగొట్టడం. "వెనిల్లా వేశావా లేదా, నీచొస్తుంది" అనే మాట మీరూ వినే ఉంటారు. తమాషా ఏంటంటే, తర్వాత మిల్క్‌మెయిడ్ పోసి గుడ్డు లేని కేకు చెయ్యడం వచ్చింది. గుడ్డే లేదు, నీచూ లేదు. అయినా చెంచాడు వెనిల్లా పడాల్సిందే! ఎప్పుడో తీసేసిన ఫీచర్ కోసం రాసిన కోడ్ ఇంకా ప్రొడక్షన్లో నడుస్తున్నట్టన్నమాట. (మా ఆఫీసులోనూ అలాంటివి బోలెడు. ముట్టుకోవాలంటే అందరికీ భయం.)

"ఇదంతా ఇంగ్లీషువాళ్ళ అలవాటు, మనకేం తెలుసు" అనేవాళ్ళకి ఒక్క మాట. చక్రపొంగలిలో పచ్చకర్పూరం ఎంత వేస్తారో మీ అమ్మమ్మనడగండి. మండే హారతి కర్పూరం సంగతి కాదు, తినే పచ్చకర్పూరం. బియ్యపుగింజంత వేస్తే గుడి ప్రసాదం. రెండింతలు వేస్తే నోరంతా మొద్దుబారి, పొంగలి గిన్నె గిన్నెంతా దండగ. బిర్యానీలో కేవ్రా సంగతీ అంతే. గాఢమైన వాసనని చిటికెతో, చుక్కతో కొలిచే విద్య మనకెప్పట్నుంచో ఉంది. కేకు దగ్గరికొచ్చేసరికి ఆ విద్య మర్చిపోయి చెంచాలు, మూతలు పట్టుకున్నాం.

సరే, ఇంతకీ ఆ సీసాలో ఏముంది?

వెనిల్లా ఒక ఆర్కిడ్ తీగకి కాసే కాయ. పుట్టిల్లు మెక్సికో. వేరే చోట్లకి తీసుకెళ్ళి నాటితే తీగ బాగానే పెరిగింది కానీ కాయ మాత్రం సరిగ్గా పట్టలేదు. 1841లో రీయూనియన్ దీవిలో ఎడ్మండ్ ఆల్బియస్ అనే 12 ఏళ్ళ బానిస పిల్లాడు సన్నటి పుల్లతో ఒక్కో పువ్వునీ చేత్తో సంపర్కం చేసే పద్ధతి కనిపెట్టాడు. ఇవాళ్టికీ తోటల్లో పువ్వు పువ్వుకీ మనిషి చెయ్యి తగలాల్సిందే. అసలు వెనిల్లా అంత ఖరీదు ఎందుకంటే ఇందుకే. తర్వాత 1874లో జర్మనీలో టీమాన్, హార్మాన్ అనే ఇద్దరు, ఆ కాయలోని ముఖ్యమైన వాసన పదార్థం వెనిలిన్‌ని పైన్ చెట్టు నుంచి వచ్చే ఒక పదార్థంతో తయారుచేశారు. ఇప్పుడు ప్రపంచంలో వాడే వెనిలిన్‌లో ఎక్కువ భాగం గ్వయాకాల్ అనే పెట్రోకెమికల్ సరుకు నుంచే వస్తోంది.

"చూశావా, పెట్రోలు!" అని అప్పుడే కంగారు పడకండి. కాయలోని వెనిలిన్, ఫ్యాక్టరీలో చేసిన వెనిలిన్ అణువు పరంగా ఒక్కటే. తేడా ఎక్కడంటే, కాయలో వెనిలిన్‌కి తోడుగా వందలకొద్దీ చిన్న చిన్న వాసనలుంటాయి. సీసాలో ఉండేది ప్రధాన గాయకుడొక్కడే, పక్కవాద్యాలుండవు. పైగా ఓవెన్ వేడికి ఆ పక్కవాద్యాలు చాలావరకు ఎగిరిపోతాయి. అందుకే మామూలు స్పాంజి కేకులో ఏది కాయ, ఏది సీసా అని కనిపెట్టడం కష్టం. కస్టర్డ్‌లోనో ఐస్‌క్రీమ్‌లోనో అయితే తెలుస్తుంది. కాబట్టి వందలు పోసి కాయ కొనుక్కునేవాళ్ళు దాన్ని కుక్కర్ కేకులో వెయ్యకండి, ఐస్‌క్రీమ్‌కి దాచుకోండి.

ఇందులోనే ఇంకో కిటుకుంది. కేకు పిండి వేడెక్కుతుంది, వాసన కొంత పోతుంది. పైన పూసే క్రీము వేడెక్కదు, వేసిందంతా అక్కడే ఉంటుంది. రెండింటికీ ఒకే కొలత వేస్తే ఎలా? అరకిలో కేకు పిండికి వెనిల్లా ఒక చెంచా, అంటే 5 ఎం.ఎల్. సరిపోతే, క్రీముకి పావు చెంచాతో మొదలెట్టి రుచి చూసుకోవాలి. అనాస, రోజ్, బాదం లాంటివి పిండిలో కూడా పావు చెంచా నుంచే. నూనెలో కలిపి అమ్మే గాఢమైన రకాలైతే చుక్కల లెక్కే. నేనైతే మెడికల్ షాపులో 2 ఎం.ఎల్. సిరంజి కొని, సూది తీసేసి దాంతోనే కొలుస్తాను. ఇంట్లోవాళ్ళు నవ్వుతారు, నవ్వనీండి. తక్కువైతే ఇంకో చుక్క వెయ్యొచ్చు. ఎక్కువైతే చేదొస్తుంది, దానికి అన్‌డూ బటన్ లేదు.

వెనిల్లాతో నాకు పేచీ లేదు. వెనిల్లా కేకు తినేవాడెవడూ అందులో ఆర్కిడ్ కాయ ఉందనుకోడు. అది మనకి ఒక వాసన పేరు, అంతే. పేచీ అంతా పండ్ల దగ్గరే.

అరటిపండు ఎసెన్సులో ముఖ్యంగా ఉండేది ఐసోఅమైల్ ఎసిటేట్. అసలు అరటిపండులోనూ అది ఉంటుంది, కాబట్టి అది అబద్ధపు వాసనేం కాదు. కానీ వాసనుంది కదా అని పండున్నట్టు కాదు. బేకరీ ఫ్రూట్ కేకునే తీసుకోండి. టూటీ ఫ్రూటీ అంటే రంగులేసి పాకం పట్టిన పచ్చి బొప్పాయి ముక్కలు. పైన ఎర్రగా మెరిసే చెర్రీ చాలాసార్లు మన వాక్కాయే. మిగతా 'ఫ్రూట్' అంతా సీసాలోంచి వచ్చిందే. నాకది ఇష్టమే, ఇప్పటికీ కొనుక్కు తింటాను. కాకపోతే పండ్లు తిన్నానని మాత్రం అనుకోను.

మా వైపు వాళ్ళకి పండు వాసన గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ కొత్తపేటలో ఉన్నన్నాళ్ళూ, మే నెలలో బస్సులో కళ్ళు మూసుకుని కూర్చున్నా స్టాపు తెలిసిపోయేది. మామిడి, ఎండుగడ్డి, కుళ్ళిన పండ్లు, అన్నీ కలిసిన వాసన. 2021-22లో మార్కెట్‌ని బాటసింగారం తరలించారు. 2022 ఏప్రిల్‌లో ఆ స్థలంలో టిమ్స్ ఆసుపత్రికి శంకుస్థాపన జరిగింది. ఇప్పుడు మెట్రోలో ఏసీ బోగీలో పోతుంటే, స్టేషన్ పేరు మైకులో చెప్తే తప్ప తెలియదు.

మామిడంటే కార్బైడ్ గొడవ గుర్తు రాక మానదు. కాల్షియం కార్బైడ్‌తో కాయలు మగ్గబెట్టడం నిషేధం. 2015లో హైదరాబాద్ హైకోర్టు ఈ సంగతిని తనంతట తానే విచారణకి తీసుకుంది కూడా. ఆరోగ్యం మాట అటుంచితే, అలా మగ్గిన కాయకి పసుపు రంగుంటుంది, వాసనుండదు. ఎసెన్సుది సరిగ్గా తిరగేసిన కథ. వాసనుంటుంది, కాయుండదు. కార్బైడ్ కాయని తిట్టిన నోటితోనే, జనవరి నెలలో 'ఫ్రెష్ మ్యాంగో కేక్' అన్న బోర్డు చూసి లొట్టలేస్తాం!

మా అపార్ట్‌మెంట్ రెండో అంతస్తులో ఒకక్క ఉంది. సొంతూరు సూర్యాపేట వైపు. ఇద్దరు పిల్లలు, ఇంట్లోనే ఒక ఓవెన్. కేకులమ్మి స్కూలు ఫీజుల్లో సగం తనే కడుతుంది. పక్క వీధిలో ఇంకొకరు మొదలెట్టి '100% నేచురల్' అని రాసేసరికి ఈమెకి ఆర్డర్లు తగ్గాయి. ఇద్దరూ కొనేది ఒకే కొట్లో, అవే సీసాలు. లిస్టు డిజైన్ చేసిపెట్టమని నా దగ్గరికొచ్చింది.

"తమ్మీ, నేను గూడ నేచురల్ అని రాయన్నా? ఎవరు చూడొచ్చిండ్రు?"

"ఎవరూ చూడరక్కా. కానీ రేపెవరైనా చిన్నపిల్లకి ఏదో పడదని, ఇందులో ఏమేసినవని అడిగితే ఏం చెప్తవు?"

కాసేపేం మాట్లాడలేదు. తర్వాత "ఎసెన్సు అని రాస్తే కొంటరా?" అంది.

నేను హామీ ఇవ్వలేదు. చివరికి తనే తేల్చింది. లిస్టులో రెండు వరసలు. ఒకటి 'మ్యాంగో ఫ్లేవర్ కేకు, ఏడాది పొడుగునా', రెండోది 'మామిడి పండు గుజ్జుతో కేకు, మే, జూన్ నెలల్లో మాత్రమే', రేటు 150 ఎక్కువ. ఆ లిస్టు చూసి ఒకావిడ పుట్టినరోజు ఆర్డరు కేన్సిల్ చేసుకుంది. అది నిజమే, దాచను. మే నెలలో రెండో వరసకి ఆర్డర్లొచ్చాయి, పోయినవన్నీ తిరిగిరాలేదు. లిస్టు మాత్రం మార్చలేదు.

కంపెనీ బిస్కెట్ ప్యాకెట్ మీద కృత్రిమ ఫ్లేవర్ వేస్తే ఆ ముక్క చిన్న అక్షరాల్లోనైనా రాయాలి. ఇంటి కేకు తెల్ల అట్టపెట్టెలో వస్తుంది, దాని మీద రిబ్బను తప్ప ఏమీ ఉండదు. అక్కడ లేబుల్ అంటే చేసినావిడ నోటిమాటే. కొనేవాళ్ళం కూడా కాస్త న్యాయంగా ఉండాలి కదా. 400 రూపాయలిచ్చి, జనవరిలో పండు కేకు కావాలని, అదీ పూర్తిగా నేచురల్‌గా ఉండాలని పట్టుబడితే, మనమే ఆవిడ చేత అబద్ధం చెప్పించినవాళ్ళమవుతాం. "ఇందులో పండుందా, ఫ్లేవరా?" అని అడగండి. ఫ్లేవరే అంటే, నిజం చెప్పినందుకైనా ఆ కేకు కొనండి. సరిగ్గా కొలిచి వేస్తే అదీ బాగానే ఉంటుంది.