కంచికచర్ల నుండి బంజారాహిల్సుకు

ప్రొద్దు గ్రుంకిన పిదప మిర్చి కల్లములో ఆరబోసిన కాయల మీదుగా పిల్లవాడు నడచిపోయినచో మా కంచికచర్ల ప్రాంతమున దానిని దుడుకుతనమనియే తలతురు. రెండు మూడు మారులు దెబ్బలు తిన్న తరువాత గాని వాని కన్నులమీద ఎవరికిని అనుమానము పుట్టదు. మా పొరుగింటి తొమ్మిదేండ్ల బాలుని విషయమున జరిగినదియు నిదియే. రేచీకటి యని తోచినంతనే మునగాకు, పొన్నగంటికూర, మేక కార్జము, విటమిన్ ‘ఏ’ మందు వరుసగా నడచినవి. పోషకలోపము వలన వచ్చిన రేచీకటి వీనికి లొంగును గాని, తల్లిదండ్రుల నుండి సంక్రమించిన రెటీనా క్షయము లొంగదు. రెండింటికిని తొలి లక్షణ మొక్కటే యగుటచేత ఎన్ని ఇండ్లలో ఎంత కాలము వ్యర్థమగుచున్నదో తలచిన నా మనస్సు కలగును.

తాడిగడపలోని ఎల్.వి.ప్రసాద్ నేత్రవైద్యశాలవారు జన్యుపరీక్షకై హైదరాబాదు పొమ్మనగా, ఆ బాలుని తల్లిదండ్రులకు తోడుగా నేనును నందిగామ, జగ్గయ్యపేటల మీదుగా బయలుదేరితిని. కృష్ణాజిల్లావారైన డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావుగారు అమెరికాలోని ఉద్యోగమును వీడి వచ్చి, చలనచిత్ర నిర్మాత ఎల్.వి.ప్రసాద్ గారి కుటుంబ వితరణ తోడుగా 1987లో ఆరంభించిన ఆ సంస్థ బంజారాహిల్సులో నున్నది. చెల్లింపలేని వారికి అక్కడ ఉచితముగనే వైద్యము జరుగును.

మొదట ఈ.ఆర్.జి. పరీక్ష. బాలుని కొంతసేపు చీకటిలో కూర్చుండబెట్టి, పిమ్మట కాంతిని మిణుకు మిణుకున ప్రసరింపజేసి, రెటీనా ఇచ్చు విద్యుత్ప్రతిస్పందనను గీతగా నమోదు చేసిరి. మసక వెలుతురులో చూపునిచ్చు దండకణములు ఒక్కొక్క కంట సుమారు 12 కోట్లుండును. రెటినైటిస్ పిగ్మెంటోజా యను ఈ వ్యాధిలో ముందుగా నశించునవి అవియే. పిదప ప్రక్కచూపు క్రమముగా కుంచించుకొనిపోవును.

అంతకంటె నా మనస్సున నాటుకొన్నది జన్యుసలహాదారు గీచిన వంశవృక్షము. మగవారికి చతురస్రము, ఆడవారికి వృత్తము, రక్తసంబంధపు వివాహమునకు జంట గీత. ఆ తల్లి పెండ్లియాడినది సొంత మేనమామను, అత్తగారనగా అమ్మమ్మయే. ఈ దోషము తన అల్లుని, అనగా ఆ తల్లియొక్క తండ్రి, వంశము నుండి వచ్చినదని ఆ వృద్ధురాలు పదేపదే యనుచుండగా, మనుమరాలు మూడేండ్లుగా ఆ మాటలు దిగమ్రింగుచున్నది. లోపించిన జన్యుప్రతి అమ్మమ్మ తాతయ్యలలో నొకరి నుండి కొడుకునకును, కూతురి ద్వారా మనుమరాలికిని దిగివచ్చి యుండుటయే ఎక్కువ సంభావ్యమనియు, ఒక్క ప్రతి మాత్రమే యున్నవారికి ఏ బాధయు నుండదనియు, అట్టివారిద్దరు దంపతులైన ప్రతి కాన్పునకును నాలుగింట నొక వంతు ప్రమాదము కలదనియు, ఇట్టి లోపములు కొన్నియైనను లేని మనుష్యుడే లేడనియు ఆ సలహాదారు ఓపికగా వివరించెను. ఆ తల్లి కాగితమును చాలసేపు చూచి, “అయితే మా నాన్న వాళ్ల వైపు నుంచి కాదా అమ్మా?” అని మాత్రమడిగెను. మేనరికములను గూర్చి సభలలో చెప్పు ఉపన్యాసముల కంటె ఈ ఒక్క కాగితము మన పల్లెలకు ఎక్కువ మేలు చేయునని నా నమ్మిక.

జన్యువు పేరు తెలియుట వ్యర్థమైన కుతూహలము కాదు. ఆర్.పి.ఇ.65 జన్యులోపము గలవారికి రెటీనా క్రింద సరియైన జన్యువును ప్రవేశపెట్టు చికిత్సను 2017లో అమెరికా ఆమోదించినది; రెండు కన్నులకు తొలుత ప్రకటించిన వెల ఎనిమిదిన్నర లక్షల డాలర్లు. మన బాలునిది ఆ జన్యువో కాదో ఫలితము వచ్చిన గాని తెలియదు. “మందు లేదు, ఇక చేయగలదేమియు లేదు” అని పంపివేయుట మాత్రము వైద్యము కాదు. పునరావాస విభాగమువారు వానికి చీకటిలో టార్చితో నడచు తీరును, అటునిటు తల త్రిప్పి దారి పరికించు తీరును నేర్పిరి.

బోర్డుమీది అక్షరములన్నియు చదువు బాలునికి వైకల్యమును ధ్రువపరచు సదరం సర్టిఫికెట్టు రాదని మా ఊర కొందరనిరి. ఆ మాట సరికాదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము అక్షరదృష్టినే గాక దృష్టిక్షేత్రమును గూడ లెక్కించును: అది 40 డిగ్రీలకు లోబడిన అల్పదృష్టి, 10 డిగ్రీలకు లోబడిన అంధత్వము.

లక్షణములు లేకున్నను చెల్లెలిని గూడ ఒకసారి తోడ్కొని రమ్మని వైద్యులు చెప్పిరి. మిర్చి కోతలు ముగిసిన పిమ్మట చూతమని తండ్రి నసుగుచుండగా, “కోతలకి కూలీల్ని పెట్టుకుందాం మావయ్యా, పాపని వచ్చే వారమే తీసుకొద్దాం” అని ఆ తల్లి అక్కడనే తేదీ వ్రాయించుకొనెను.