కొబ్బరి గొడుగు కింద... పలివెల

మిట్టమధ్యాహ్నం. తారు రోడ్డు మీద కాలు పెడితే చుర్రుమంటోంది. అదే రోడ్డు దిగి నాలుగడుగులు తోటలోకి వేస్తే... ఎవరో చల్లని పందిరి వేసినట్టు ఉంటుంది! కోనసీమలో ఎండకీ నీడకీ మధ్య దూరం అంతే.

రావులపాలెం దగ్గర జాతీయ రహదారి వదిలి కొత్తపేట వైపు తిరిగితే పలివెల వస్తుంది. ఈ ఊరి పేరు చెప్పగానే ఎవరికైనా ఉమా కొప్పులింగేశ్వర స్వామి గుర్తొస్తాడు. అగస్త్య మహాముని ప్రతిష్ఠించాడని, భక్తుణ్ని కాపాడటానికి స్వామి తలపై కొప్పు ధరించాడని స్థలపురాణం. దర్శనం చేసుకుని బయటికొస్తే చుట్టూ తోటలే. పైన కొబ్బరి, మధ్యలో అరటి, కింద కోకో.

నేను మాత్రం ఈసారి ఒక సందేహంతో వచ్చాను. రెండేళ్ల కిందట ఇటువైపు వచ్చినప్పుడు ముచ్చటపడి ఓ కోకో మొక్క హైదరాబాద్ తీసుకెళ్లాను. మేడ మీద మంచి ఎండ తగిలేచోట పెట్టాను. నీళ్లకు లోటు చేయలేదు. అయినా వారం తిరక్కుండా ఆకులు తెల్లగా పాలిపోయి, అంచులు మాడిపోయాయి. ఎండే కదా మొక్కకు అన్నం? మరి అన్నం పెడితే చచ్చిపోవడమేంటి?

తోటలో కనిపించిన పెద్దాయన్ని అదే అడిగాను. నవ్వేశారు. ‘‘ఆయ్... నీడలో పెరిగిన పిల్లని ఒక్కసారే ఎండలో నిలబెడితే ఎలాగండి? రోజుకి కాస్త కాస్త అలవాటు చెయ్యాలండి’’ అన్నారు.

తిండి ఎక్కువైతే...

ఆయన అన్నదే శాస్త్రం కూడా చెబుతుంది. నడినెత్తి ఎండలో నాలుగో వంతు వెలుగు అందితే చాలు, కోకో ఆకు కడుపు నిండిపోతుంది. ఆపై వచ్చే వెలుగును పిండిపదార్థంగా మార్చే ఓపిక దానికి ఉండదు. అలా మిగిలిన శక్తి ఊరుకోదు. ప్రాణవాయువును విషంగా మార్చి, పత్రహరితం ఉన్న కణాలనే దెబ్బతీస్తుంది.

అందుకే ప్రతి మొక్కా తన జాగ్రత్తలో తను ఉంటుంది. పలివెల తోటలో కాసేపు నిలబడితే కొన్ని కంటికే కనిపిస్తాయి. మధ్యాహ్నం అరటి ఆకు చూడండి... ఈనెకు రెండు వైపులా కిందికి వాలి ఇంటి కప్పులా ముడుచుకుంటుంది. నేరుగా పడే ఎండ జారిపోతుంది. కోకో లేతాకులు ఎరుపు తిరిగి, నేలవైపు వేలాడుతుంటాయి. ఆ ఎరుపు రంగు ఎండను వడకట్టే తెరలాంటిదని శాస్త్రవేత్తలు భావిస్తారు.

కంటికి కనిపించని ఏర్పాట్లూ ఉన్నాయి. వెలుగు ఎక్కువైతే కణాల్లోని హరితరేణువులు పక్క గోడల వెంట సర్దుకుంటాయి, మనం ఎండలో గోడవార నడిచినట్టు! అన్నిటికన్నా పెద్ద రక్ష ఒక పసుపు వర్ణకం. మొక్కజొన్న గింజకు ఆ రంగునిచ్చే జియాజాంతినే అది. ఎండ ముదిరిన కొద్ది నిమిషాల్లోనే ఆకులో ఇది తయారవుతుంది. అక్కరలేని శక్తిని వేడిగా మార్చి బయటికి వదిలేయడానికి తోడ్పడుతుంది.

ఇందులో మన తెలుగు నేల పాత్రా ఉంది. హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి చెందిన కె.శారదాదేవి, ఎ.ఎస్.రాఘవేంద్ర బఠాణీ ఆకు కణాలను పరిశీలించారు. తీవ్రమైన వెలుగు నుంచి కిరణజన్య సంయోగక్రియను శ్వాసక్రియ కూడా కాపాడుతోందని 1992లో ‘ప్లాంట్ ఫిజియాలజీ’ పత్రికలో వెల్లడించారు.

ఎండ పొడల ఆట

గాలి వీచినప్పుడల్లా కొబ్బరి మట్టలు కదులుతాయి. కోకో ఆకుల మీద ఎండ పొడలు అటూ ఇటూ గెంతుతాయి. చూడ్డానికి ముచ్చటే కానీ ఆకుకు అదో పరీక్ష. ఎండ పడగానే వేడిని వదిలే తలుపు తెరుచుకుంటుంది. నీడ రాగానే అంత త్వరగా మూసుకోదు. ఆ కాసేపూ అక్కరకొచ్చే వెలుగు కూడా వృథాయే. అమెరికా శాస్త్రవేత్తలు పొగాకులో ఆ తలుపు త్వరగా మూసుకునేలా జన్యువులు మార్చారు. పొలంలో మొక్కల బరువు 14 నుంచి 20 శాతం పెరిగిందని 2016లో ప్రకటించారు.

నీడా పోద్దండి!

కోనసీమకు 1996 నవంబరు 6 రాత్రి మర్చిపోలేనిది. ఆ తుపానుకు కొబ్బరిచెట్లు వరసలు వరసలుగా కూలిపోయాయి. ఆ మాటెత్తితే పెద్దాయన గొంతు తగ్గింది. ‘‘చెట్టు పడిపోతే కాయలే పోతాయనుకుంటారండి. నీడా పోద్ది. కిందున్నదేదీ తట్టుకోలేదండి’’ అన్నారు. నాటు రకం కొబ్బరి మళ్లీ నాటితే కాపుకొచ్చేసరికే ఆరేడేళ్లు. అందాకా కింద నాటిన లేత మొక్కలకు అరటే గొడుగు పట్టాలి.

తిరిగొచ్చేటప్పుడు ఆయన మరో కోకో మొక్క చేతిలో పెట్టారు. ‘‘ఈసారి జాగర్తండీ’’ అంటూ.

ఇప్పుడది మా ఇంట్లో మామిడిచెట్టు నీడలో ఉంది. ఎర్రటి చిగురొకటి వేసింది, తలొంచుకుని!