పథ్యం పేరుతో పస్తులు

టీబీ అని చెప్పి, ఆరు నెలలు మందులు ఎలా వేసుకోవాలో వివరించి, తెమడ పరీక్షకు మళ్లీ ఎప్పుడు రావాలో చీటీ మీద రాసి ఇచ్చాక, లేవబోతూ ఇంటివాళ్లు అడిగే మాట ఒకటే. "ఏం పథ్యం పెట్టమంటారు సార్?" పథ్యమేమీ లేదు, అన్నీ తినాలి అంటాను. వాళ్లకు నమ్మకం కుదరదు. పథ్యం చెప్పనివాడు డాక్టరేనా అన్నట్టు చూస్తారు. బయట కాంపౌండరును అడుగుతారు, మందుల షాపులో అడుగుతారు, చివరికి పక్కింటి పెద్దమ్మ చెప్పేస్తుంది. గుడ్డు వేడి. మాంసం అరగదు. పప్పు వాతం. పెరుగు నెమ్ము చేస్తుంది. వంకాయ, గోంగూర సంగతి ఎత్తనే వద్దు. ఇవన్నీ తీసేశాక కంచంలో మిగిలేది చారన్నం, బీరకాయ కూర, రాత్రికి రెండు ఇడ్లీలు. 38 కిలోలున్న మనిషికి!

నాకు అన్నిటికంటే కోపం తెప్పించేది ఆ కంచమే. మందు పనిచేస్తూ ఉంటుంది, దగ్గు తగ్గుతుంది, మనిషి మాత్రం చిక్కిపోతూ ఉంటాడు.

సెంట్రింగ్ పనికి వెళ్లే ఇరవై రెండేళ్ల కుర్రాడొకడు మందులు మొదలుపెట్టిన రెండు వారాలకు తల్లితో వచ్చాడు. సాయంత్రం జ్వరం ఆగింది. తూకం మీద నిలబెడితే కిలో తగ్గాడు. ఏం పెడుతున్నావమ్మా అంటే, "ఒంటికి వేడి చేసింది సార్, మూత్రం ఎర్రగా వస్తోంది. అందుకే గుడ్డూ పప్పూ మానిపించి బార్లీ నీళ్లు, సగ్గుబియ్యం జావ పోస్తున్నా" అంది. రిఫాంపిసిన్ అనే మాత్ర రంగది. మూత్రమే కాదు, చెమటా కన్నీళ్లూ కూడా నారింజ రంగుకు తిరుగుతాయి. దానికీ వేడికీ సంబంధం లేదు. మందులిచ్చిన రోజే ఆ సంగతి చెప్పాం. విన్నది కొడుకు, వండేది తల్లి.

గట్టిగానే కేకలేశాను. ఆమె చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "వాడి ముందు మేం తింటే వాడి ప్రాణం లాగుతుందని ఇంట్లో ఎవరం తినట్లేదు సార్. అందరికీ చారే" అంది. కోపం అక్కడే దిగిపోయింది. కొడుకు మీద ప్రేమతో ఆ ఇల్లంతా పస్తుంటోంది. వాడితో ఒకే గదిలో పడుకునే పదహారేళ్ల చెల్లెలు కూడా.

టీబీ క్రిమి మన దేశంలో ఎంతోమంది ఒంట్లో అణిగి ఉంటుంది. వాళ్లలో చాలామందికి జన్మలో జబ్బు రాదు, రక్షక కణాలు దాన్ని లేవనివ్వవు. ఆ కణాలకు కావలసిన బలం తిండి నుంచే రావాలి. తిండి తగ్గితే కాపలా సడలుతుంది, క్రిమి లేస్తుంది. లేచాక జ్వరం కండను కరిగిస్తుంది, ఆకలిని చంపుతుంది, మనిషి ఇంకా తగ్గిపోతాడు. మన దేశంలో టీబీకి దారితీసే కారణాల్లో అన్నిటికంటే పెద్దది తిండి లేమి. షుగర్, హెచ్‌ఐవీ దాని తర్వాతే.

మందులు లేని రోజుల్లో వైద్యులకు ఇది బాగా తెలుసు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915లో శానటోరియం పెట్టిననాటికి చికిత్స అంటే విశ్రాంతి, మంచి గాలి, బలమైన తిండి. తర్వాత మందులొచ్చాయి. 1956లో మద్రాసులో క్షయ పరిశోధన కేంద్రం మొదలైంది. రోగులను లాటరీ పద్ధతిలో విడదీసి కొందరికి శానటోరియంలో, కొందరికి ఇళ్లలోనే ఏడాదిపాటు ఒకే మందులిచ్చారు. ఇళ్లలో ఉన్నవాళ్లు పేదలు, శానటోరియం వాళ్లకంటే నాసిరకం తిండి తిన్నారు. అయినా జబ్బు దాదాపు సమానంగా నయమైంది. 1959లో వచ్చిన ఆ ఫలితం ప్రపంచంలో టీబీ వైద్యాన్నే మార్చింది. మంచం దొరక్క చచ్చిపోయే లక్షలమందికి ఇంటి దగ్గరే మందు అందింది. అంతకంటే గొప్ప మేలు ఏముంటుంది? కానీ దానితోపాటు, మందుంటే చాలు, తిండితో పనిలేదు అన్న మాట కూడా మా వైద్యుల్లో పాతుకుపోయింది. ఆ పరిశోధన అలా అనలేదు. ఇళ్లలో ఉన్నవాళ్లకు మందుతోపాటు కడుపునిండా తిండి కూడా ఇస్తే ఏమవుతుందో అది చూడనే లేదు.

చూడడానికి అరవై ఏళ్లు పట్టింది. మంగళూరుకు చెందిన డాక్టర్ అనురాగ్ భార్గవ, డాక్టర్ మాధవీ భార్గవ 2019లో జార్ఖండ్‌లోని 4 జిల్లాల్లో ఆ పని మొదలుపెట్టారు. మద్రాసు కేంద్రానికి వారసురాలైన చెన్నైలోని జాతీయ క్షయ పరిశోధన సంస్థ కూడా అందులో భాగస్వామే. 2,800 మంది రోగులకు మందులతోపాటు నెలకు 10 కిలోల సరుకులిచ్చారు. బియ్యం, పప్పు, పాలపొడి, నూనె, విటమిన్ మాత్రలు. మొదట తూచినప్పుడు ఐదుగురిలో నలుగురు ఉండాల్సిన బరువు లేరు. మొదటి 2 నెలల్లో 5 శాతం బరువు పెరిగినవాళ్లలో చావు ముప్పు 61 శాతం తక్కువగా కనిపించింది. 38 కిలోల మనిషికి 5 శాతమంటే రెండు కిలోలు కూడా కాదు.

జబ్బు తగ్గుతున్నవాడే బరువు పెరుగుతాడు, ఇందులో తిండి గొప్పేముంది అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అందుకే నాకు రెండో భాగం ఇంకా విలువైనది. రోగుల ఇళ్లలో ఉండేవాళ్లు 10 వేల మందికి పైగా. లాటరీ తీసి కొన్ని ప్రాంతాల్లో వాళ్లకు కూడా సరుకులిచ్చారు, మిగతా చోట్ల రోగికి మాత్రమే ఇచ్చారు. సరుకులందిన ఇళ్లలో కొత్తగా టీబీ రావడం 39 శాతం తగ్గింది. ఊపిరితిత్తులకు వచ్చి నలుగురికీ అంటుకునే రకమైతే 48 శాతం. 2023లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన ఈ ఫలితం తలచుకుంటే నాకు ఆ చెల్లెలే గుర్తొస్తుంది. అన్నంపప్పు టీకాలా పనిచేసిందని ఇంతకంటే గట్టిగా ఎవరు చెప్పాలి?

మూఢనమ్మకాన్నొక్కదాన్నే తిట్టి ఊరుకోలేను. సంపాదించేవాడే మంచాన పడితే కందిపప్పు ఎక్కడిది? పోషకాహారానికని ప్రభుత్వం 2018 నుంచి రోగికి నెలకు 500 రూపాయలిస్తూ, 2024 నవంబరులో దాన్ని 1,000 చేసింది. మంచిదే. అది రోగి కంచానికే చాలదు, ఇంటిల్లిపాదికి ఎలా సరిపోతుంది? ఆ డబ్బు పెట్టి ప్రొటీన్ పౌడర్ డబ్బా కొని తెస్తారు కొందరు. పైన రంగుల బొమ్మ, లోపల చక్కెర. ఆ ఖరీదుకు ఎన్ని గుడ్లు, ఎంత పప్పు, ఎన్ని వేరుశనగలు వస్తాయో కాగితం మీద లెక్కవేసి చూపిస్తాను. షుగర్ ఉన్నవాళ్లు అన్నం కొలత చూసుకోవాలి, గుడ్డూ పప్పూ వాళ్లకు ఇంకా అవసరం. మాత్రలు పడక వాంతులు, కళ్లు పచ్చబడడం ఉంటే వాటిని ఆపి వెంటనే రావాలి. పసరు మందుకు పరిగెత్తకూడదు, ఆ నాలుగు రోజుల్లోనే లివర్ చేయిదాటిపోతుంది.

చెల్లెలికి ఎక్స్‌రే తీయించాం, జబ్బు లేదు. రాకుండా వేసే మాత్రలు మొదలుపెట్టాం. చీటీ మీద ముగ్గురి పేర్లూ రాసి, ఒక్కొక్కరి ఎదుట రోజుకో గుడ్డు, గట్టిపప్పు, పెరుగు అని రాశాను. రెండో నెల దాటేసరికి కుర్రాడు మూడు కిలోలు పెరిగాడు, అన్నం మళ్లీ వడ్డించమని అడుగుతున్నాడట. తల్లితోనే పేచీ తెగడం లేదు. "నాకెందుకు సార్ గుడ్డు, పిల్లలు తింటే చాలదా" అంటుంది. ఈసారి వచ్చినప్పుడు ముందు ఆమెనే తూకం ఎక్కించమని నర్సుకు చెప్పి ఉంచాను.