ఎర్ర పెన్నుతో దిద్దిన రాకెట్

మా అమ్మాయికి అప్పుడు తొమ్మిదేళ్ళు. 2024 సెప్టెంబరులో ఒకరోజు నేను ఆఫీసు నుంచి రాగానే ఒక బొమ్మ తెచ్చి చూపించింది. పొడుగాటి రాకెట్, కింద మంట, పక్కనే ఒక టవర్. ఆ టవర్‌కి రెండు చేతులు! చంటిపిల్లను చంకల కింద పట్టుకుని ఎత్తుకున్నట్టు అవి రాకెట్‌ని పట్టుకుంటున్నాయి.

"ఇలాంటివి కార్టూన్లలోనే కుదురుతాయమ్మా" అంటూ ఎర్ర పెన్నుతో రాకెట్ కింద నాలుగు కాళ్ళు గీసేశాను. ఇరవై ఏళ్ళుగా ఇతరుల ప్రోగ్రాముల్లో తప్పులు వెతకడమే నా ఉద్యోగం. ఆ అలవాటు ఇంట్లోకి తేవద్దని మా ఆవిడ మొత్తుకుంటూనే ఉంటుంది. అమ్మాయి మాట్లాడకుండా కాగితం తీసుకుని వెళ్ళిపోయింది. ఆ తర్వాత నాకు బొమ్మలు చూపించడం మానేసింది.

నా లెక్క నాకుంది లెండి. 1950లలోనే హెర్జే తన టిన్‌టిన్ కథల్లో ఎరుపు తెలుపు గళ్ళ రాకెట్‌ని చంద్రుడి మీద తోక కిందుగా నిలువునా దింపాడు. కార్టూన్లలో రాకెట్ పొగలు కక్కుతూ, తాపీగా, లిఫ్ట్ దిగినట్టు దిగుతుంది. ఫాల్కన్ 9కి ఆ సుఖం లేదు. దాని కింది భాగం దాదాపు ఖాళీ అయి తిరిగొస్తుంది. ఒక్క ఇంజన్ అతి తక్కువగా మండినా ఆ బరువుకి ఎక్కువే. అందుకే గాల్లో ఆగి నిలబడలేదు. నేలను తాకే క్షణానికి వేగం సున్నా కావాలి. ఇంజన్ ముందే వెలిగితే మళ్ళీ పైకి లేస్తుంది, ఆలస్యమైతే పేలిపోతుంది. 2015 జనవరిలో, ఏప్రిల్‌లో రెండు పోయాక, ఆ డిసెంబరు 21న ఒకటి నాలుగు కాళ్ళ మీద నిలబడింది. నా నాలుగు కాళ్ళు అక్కడివే!

అక్టోబరు 13, ఆదివారం పొద్దున. టెక్సాస్‌లో స్టార్‌షిప్ పైకి లేచింది. ఏడు నిమిషాల తర్వాత దాని కింది భాగం, 71 మీటర్ల స్తంభం, లేచిన చోటికే తిరిగొచ్చింది. దానికి కాళ్ళు లేవు. టవర్ రెండు చేతులు చాచి పట్టుకుంది! నా చేతిలో కాఫీ చల్లారిపోయింది.

"నీకెలా తెలుసమ్మా?" అన్నాను.

"మా క్లాసులో అబ్బాయి చెప్పాడు. నువ్వు అడగలేదుగా నాన్నా!"

ఆ మాటతో నాకు సూళ్ళూరుపేట గుర్తొచ్చింది. 1993 సెప్టెంబరు 20న మా బడి ఆవరణలోంచి శ్రీహరికోట పీఎస్ఎల్‌వీ మొదటి ప్రయోగం చూశాం. చప్పట్లు కొట్టాం. అది సముద్రంలో పడిపోయిందని తర్వాత తెలిసింది. సాఫ్ట్‌వేర్‌లో దొర్లిన పొరపాటూ ఒక కారణమట. మర్నాడు మేం ఏడుపు మొహాలతో కూర్చుంటే మా లెక్కల మాస్టారు, "పైకి లేచిందా లేదా? ముందు సరిగ్గా వచ్చింది చూడండ్రా, తప్పు సంగతి తర్వాత చూద్దాం" అన్నారు. 1994 అక్టోబరు 15న రెండో ప్రయోగం గెలిచింది. మాస్టారు మాత్రం గర్వపడినట్టు కనిపించలేదు, ఎప్పటిలాగే లెక్కలు చెప్పారు.

ఆ మాట విని పెరిగినవాణ్ణి, నా కూతురి బొమ్మలో ముందు తప్పే చూశాను.

ఆ కాగితం అడిగి తీసుకుని ఫ్రిజ్ మీద అంటించాను. ఎర్ర పెన్ను గీతలు చెరగవు కదా, ఆ నాలుగు కాళ్ళూ అలాగే ఉన్నాయి. వారం తర్వాత అమ్మాయి ఇంకో బొమ్మ తెచ్చింది. చూస్తే ఏనుగులాగా ఉంది, రెక్కలున్నాయి. జేబులో పెన్ను మీదికి చెయ్యి వెళ్ళబోయింది. ఆపుకున్నాను.

"ఇదేంటో చెప్పమ్మా" అన్నాను.

అరగంట చెప్పింది.