తవుడు సంచిలో విటమిన్ సి

పోయిన శనివారం నాన్న బాచుపల్లిలో మా ఫ్లాట్‌కి వచ్చారు. కైకలూరు దగ్గర చెరువు లీజుకి చేస్తున్నారు. సంచిలోంచి గోంగూర పచ్చడి, దాని వెనకే మందుల షాపు బిల్లు తీశారు. నా హోమ్‌లోన్ ఈఎంఐకి రెండింతలుంది. అంటే ఈ నెల నేను కట్టాలన్నమాట.

మందులంటే జబ్బుకి కాదండోయ్, చాలావరకు మేతలో కలిపేవి. ప్రోబయోటిక్, మినరల్ మిక్చర్, లివర్ టానిక్, విటమిన్ సి, ఎంజైములు... (నాకే ఇన్ని టానిక్కుల్లేవు!)

"ఇవన్నీ ఎందుకు నాన్నా?" అంటే, "పక్క చెరువాయన వేశాడ్రా, చేప బాగా పెరిగింది" అన్నారు. మనం సర్వర్లో ఒకేసారి అయిదు ప్యాచ్‌లు వేసి, ఏది పనిచేసిందో తెలీక అయిదూ ఉంచేస్తాం చూడండి, అచ్చం అదే.

రెండు రాత్రులు కూర్చుని చదివాను. అంతా మోసమేం కాదు. తవుడులో భాస్వరం బోలెడు, కానీ ఎక్కువ భాగం ఫైటేట్ రూపంలో ఉంటుంది, చేపకి అరగదు. ఫైటేజ్ అనే ఎంజైము కలిపేది అందుకే. పైగా శీలావతి, బొచ్చెలకి మనలా ఆమ్లం ఊరే జీర్ణాశయం లేదు. అందుకని డైకాల్షియం ఫాస్ఫేట్ కంటే మోనోకాల్షియం ఫాస్ఫేట్ బాగా ఒంటబడుతుంది. కాల్షియం చాలావరకు నీళ్లలోంచే పీల్చుకుంటాయి. నాన్న కొన్న డబ్బా మీద పెద్దక్షరాల్లో ఉన్నది మాత్రం కాల్షియమే! చేపల మేత నాణ్యత మీద ఆంధ్రప్రదేశ్‌లో 2020లో చట్టం వచ్చింది గానీ, డబ్బా చదవాల్సింది మళ్ళీ మనమే.

విటమిన్ సి చేపకి అవసరమే, కానీ అది నీళ్లలో కరిగిపోతుంది. మన వైపు తవుడుని చిల్లుల సంచుల్లో పోసి, గెడలకి కట్టి నీళ్లలో వేలాడదీస్తారు. గంటలకొద్దీ నానే ఆ సంచిలో విటమిన్ చేపకంటే చెరువుకే ఎక్కువ అందుతుంది.

బిల్లు చివర ఇంకో వింత. ప్రోబయోటిక్ కొన్న వారమే యాంటీబయోటిక్ కూడా. బతికున్న బ్యాక్టీరియా ఒకటి, బ్యాక్టీరియాని చంపేది ఇంకోటి.

ఎక్సెల్ షీట్ చూపించి, మూడు కొట్టేద్దామన్నాను. నాన్న కళ్లజోడు తీసి, "తవుడు అప్పిచ్చేది కూడా ఆ షాపాయనేరా. మందులొద్దంటే తవుడెవరిస్తారు?" అన్నారు.

ఆ కాలమ్ నా షీట్‌లో లేదు.

తవుడుకి నగదు నేను పంపుతానన్నాను. సరే అనలేదు, కాదనలేదు. సోమవారం తెల్లవారుజామున మియాపూర్‌లో బస్సెక్కబోతూ చెరువు మీదున్న కుర్రాడికి ఫోన్ చేశారు. ఆక్సిజన్ పడిపోయే వేళ అది. అడిగింది ఒక్కటే: "చేప పైకి తేలుతోందా?"