దుక్మ్ కొట్లో రోమ్ పొగ

ఒమాన్‌లో దుక్మ్ అంటే రిఫైనరీ, డ్రైడాక్. నేను వెళ్లింది మాత్రం బజారులో లుబాన్ అనే ధూపపు బంక అమ్మే చిన్న కొట్టుకి. దారి చూపించింది డ్రైడాక్‌లో పనిచేసే టెక్కలి వైపు ఫిట్టరు.

కొట్టు పెద్దాయనది దక్షిణ ఒమాన్‌లోని ధోఫార్. సంచిలోంచి లేతాకుపచ్చ హోజరి రకం పలుకులు దోసిట్లోకి తీసి వెలుతురుకు పట్టాడు. ఒకటి మజ్మర్ అనే ధూపపాత్రలో నిప్పుల మీద వేశాడు. అంచులు కరిగి బుడగలొచ్చాయి, పొగలో నిమ్మతొక్క వాసన తగిలింది.

ఒకటో శతాబ్దపు గ్రీకు గ్రంథం ‘పెరిప్లస్’లో ఈ తీరమంతా ఉంది. ధోఫార్ రేవులో లుబాన్ కాపలా లేకుండా గుట్టలుగా పడి ఉంటుందట. రాజు సెలవు లేకుండా ఒక్క పలుకు ఎక్కించినా దేవుడు ఓడను కదలనివ్వడట. రాజుగారి సరుక్కి దేవుడే వాచ్‌మన్! జీతం లేని భద్రత. దుక్మ్‌కు ఈశాన్యంగా ఉన్న మసీరా దీవిని ఆ పుస్తకంలోని ‘సరాపిస్’గా గుర్తిస్తారు. సరాపిస్ అంటే ఈజిప్టులో టోలెమీ రాజులు నిలబెట్టిన దేవుడు. క్రీ.శ. 69లో సింహాసనం కోసం పోరాడుతున్న రోమన్ సేనాని వెస్పాసియన్ అలెగ్జాండ్రియాలో ఆ దేవుడి గుడికే వెళ్లాడు. గుడ్డివాడికి చూపు తెప్పించాడన్న కథ కూడా అక్కడే పుట్టింది. అవసరానికి పుట్టిందనే నా అనుమానం.

రోమ్‌లో పదవికీ పూజకీ మధ్య గోడ లేదు. సెనేటర్లు కూర్చునే ముందు ధూపం వేయాలని నియమం పెట్టిన చక్రవర్తి అగస్టస్, క్రీ.పూ. 12లో ప్రధాన పూజారి పదవి కూడా తీసుకున్నాడు. అతని వారసుడు తిబెరియస్ నాణేలు మన నల్గొండ జిల్లా అక్కనపల్లిలోనూ దొరికాయి. వాటి మీద అతను దేవుడైన అగస్టస్ కొడుకు, ప్రధాన పూజారి. మన రైతు నేలలో ఆ బిరుదులు చదివేదెవరో! క్రీ.శ. 112 ప్రాంతంలో రోమన్ గవర్నర్ ప్లినీ, క్రైస్తవులం కామన్నవాళ్ల చేత చక్రవర్తి ట్రాజన్ ప్రతిమ ముందు ధూపం వేయించి, ద్రాక్షసారా పోయించాడు. వేస్తే విడుదల, వేయకపోతే చావు. రాజభక్తికి ఈ పలుకే సాక్ష్యం.

క్రీ.శ. 392లో క్రైస్తవుడైన చక్రవర్తి థియోడోసియస్ చట్టం దాన్ని తిరగేసింది: పాత దేవతలకు ధూపం వేసిన ఇల్లు ఖజానాకు జప్తు. పొగ అదే, నేరం మారింది.

ఫిట్టరు ఇదంతా విని, అరకిలో తూయించుకుని, ‘‘మా క్యాంపు రూములో వెలిగిస్తే అలారం మోగిపోద్ది సార్, ఇంటికి పంపేస్తాను’’ అన్నాడు.