విప్పడానికి వీల్లేని వెలుగు

ట్యూబ్‌లైటు వెలగకపోతే ఏం చేయాలో ఒకప్పుడు ఇంట్లో పదేళ్ళ పిల్లలకి కూడా తెలుసు. ముందు స్టార్టరు అటూ ఇటూ తిప్పి చూడాలి. అప్పటికీ మినుకుమినుకుమంటుంటే స్టూలెక్కి, ట్యూబుని రెండు చివర్లా పట్టుకుని ఓ పావు చుట్టు తిప్పాలి. చివర్లు నల్లగా మాడిపోయి ఉంటే ట్యూబుకి ఆయుష్షు తీరినట్టు. జుయ్యిమని రొద పెడుతోందంటే తేడా చోకులో ఉన్నట్టు. ఏది పోతే దాన్నే మార్చేవాళ్ళం. పట్టీ మాత్రం ఇల్లు కట్టిననాడు గోడకి బిగించిందే, ఎన్నిసార్లు సున్నాలు వేసినా అక్కడే ఉండేది. కాలిపోయిన చోకులో రాగి తీగ చుట్ట ఉంటుంది కాబట్టి పాతసామాన్లవాడు దానికీ నాలుగు డబ్బులిచ్చేవాడు. అంతకుముందు తరం వాళ్ళ లాంతరు సంగతీ ఇంతే. చిమ్నీ పగిలితే చిమ్నీ, ఒత్తి అయిపోతే ఒత్తి, బర్నరు తుప్పు పడితే బర్నరు కొట్లో విడివిడిగా దొరికేవి.

ఎల్‌ఈడీ బల్బు ఆరిపోతే ఏం చేయాలి? మన ఇళ్ళలో దీనికి ఒకటే జవాబు: ఊడబీకి చెత్తబుట్టలో వేసి కొత్తది పెట్టడం. లోపల ఏం పోయిందని ఎవరూ అడగరు. ధర తగ్గేకొద్దీ వస్తువు మీద మనకుండే కుతూహలం కూడా తగ్గిపోతోంది. చౌక సరుకు మనకి చేసే మొదటి నష్టం ఇదేనని నా అభిప్రాయం. డబ్బు నష్టం ఆ తర్వాతి మాట.

ఆరిపోయిన బల్బుని ఓసారి విప్పి చూడండి. హోల్డర్లోంచి తీసేశాకే సుమా. చౌక బల్బుల్లో లోపలి తీగలకీ ఇంటి కరెంటుకీ మధ్య అడ్డేమీ ఉండదు, షాకు కొడుతుంది. పైన పాలరంగు ప్లాస్టిక్ టోపీ. దాని కింద గుండ్రటి అల్యూమినియం రేకు. రేకు మీద ఎనిమిదో పదో పసుప్పచ్చ చుక్కలు. ఆ పసుపు ఒక పూత. దాని అడుగున ఉన్న చిప్పు ఇచ్చేది నీలి కాంతి. పూత దాన్ని మన కంటికి తెలుపు చేస్తుంది. సమర్థంగా వెలిగే ఆ నీలి కాంతిని సాధించినందుకే ఇసాము అకసాకి, హిరోషి అమానో, షుజీ నకమురాలకి 2014లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. రేకు కింద, గొట్టంలో, కరెంటుని చుక్కలకి తగినట్టు మార్చి ఇచ్చే చిన్న సర్క్యూటు ఉంటుంది. దాన్ని డ్రైవరు అంటారు.

చుక్కలన్నీ ఒకదాని వెనక ఒకటి వరసగా కలిపి ఉంటాయి. అందులో ఒక్కటి మాడితే దారి తెగిపోయి అన్నీ ఆరిపోతాయి. దగ్గరగా పెట్టి చూస్తే ఆ చుక్క నడుమ సూదిమొనంత నల్లమచ్చ కనిపిస్తుంది. మిగతావన్నీ నిక్షేపంగా ఉంటాయి. డ్రైవరు పోయిన బల్బులో అయితే చుక్కల్లో ఒక్కటీ పాడై ఉండదు. పోయేది ఎక్కువసార్లు ఒక చిన్న కెపాసిటరు. అంటే చెత్తబండిలోకి వెళ్ళే బల్బుల్లో చాలావాటిలో తొంభై పాళ్ళ సరుకు ఇంకా పనికొచ్చేదే.

అట్టపెట్టె మీద 25,000 గంటలు అని ఉంటుంది. రోజుకి ఆరు గంటలు వెలిగించినా పదకొండేళ్ళకి పైగా రావాలి. మన అనుభవంలో రెండేళ్ళు వస్తే గొప్ప. దీనికి కారణం వేడి. ఇరవై చుక్కలు పెట్టి ఒక్కోదానికి కొద్దికొద్దిగా కరెంటు ఇస్తే అవి చల్లగా, ఏళ్ళ తరబడి వెలుగుతాయి. ఎనిమిదే పెట్టి ఒక్కోదాన్ని గట్టిగా తోలితే అంతే వెలుగు వస్తుంది, తయారీ ఖర్చు తగ్గుతుంది, చుక్క సెగలు కక్కుతుంది. పైగా వేడిని బయటికి లాగే అల్యూమినియం ఒంటికి బదులు ప్లాస్టిక్ ఒళ్ళు తొడుగుతున్నారు. ఆ సెగ డ్రైవరులోని కెపాసిటరుకీ తగులుతుంది. పది డిగ్రీల వేడి పెరిగితే ఇలాంటి కెపాసిటరు ఆయుష్షు సగానికి పడిపోతుందన్నది ఎలక్ట్రానిక్స్ వాళ్ళందరూ వాడే లెక్క. మన వేసవి, పల్లె లైన్లలో ఎగిరెగిరిపడే వోల్టేజీ, గాలాడని మూత ఫిట్టింగు, ఈ మూడూ తోడైతే ఇక చెప్పేదేముంది.

ఇలా కాకుండా చేయవచ్చని తెలియక కాదు. 2016లో దుబాయ్ నగరపాలక సంస్థ ఫిలిప్స్ లైటింగ్ వాళ్ళతో ఒప్పందం చేసుకుని ఒక బల్బు చేయించుకుంది. చుక్కలు ఎక్కువ, ఒక్కో చుక్క మీద భారం తక్కువ. ఒక వాట్‌కి 200 ల్యూమెన్ల వెలుగు. మన ఇళ్ళలోని మామూలు బల్బులు ఇచ్చేది ఇంచుమించు అందులో సగం. మొదట్లో ఆ బల్బు దుబాయ్‌లో తప్ప ఎక్కడా అమ్మలేదు. అడిగినవాడికి అడిగినట్టు చేసిచ్చారు. జగిత్యాల నుంచో కోనసీమ నుంచో అక్కడికి పనికి వెళ్ళినవాళ్ళు ఆ బల్బు చూసే ఉంటారు.

బల్బు ఎక్కువకాలం మన్నకూడదని కంపెనీలు కూడబలుక్కున్న చరిత్ర కూడా ఉంది. 1924లో ఓస్రాం, ఫిలిప్స్ వంటి పెద్ద తయారీదారులు జెనీవాలో ఫీబస్ అనే కూటమి కట్టి, అంతకుముందు 1,500 నుంచి 2,000 గంటలు వెలిగే ఫిలమెంటు బల్బుని 1,000 గంటలకి కుదించారు. అంతకు మించి మన్నే బల్బు చేసిన సభ్యులకి జరిమానా వేశారు. రెండో ప్రపంచయుద్ధం వచ్చి ఆ కూటమి చెదిరిపోయింది. ఈనాడు అలాంటి రహస్య ఒప్పందం అక్కర్లేదు. కోఠీ గుజరాతీ గల్లీలోనో, మన వీధి చివరి ఎలక్ట్రికల్ షాపులోనో "ఇంతకన్నా తక్కువలో లేదా?" అని మనం అడిగే ఆ ఒక్క ప్రశ్న చాలు. ఆ ప్రశ్న షాపు నుంచి డీలరుకీ, అక్కణ్ణించి ఫ్యాక్టరీకీ పోతుంది. ఫ్యాక్టరీలో రెండు చుక్కలు తగ్గుతాయి. 2017లో లైటింగ్ తయారీదారుల సంఘం ఎల్కోమా కోసం నీల్సన్ సంస్థ ఢిల్లీ, ముంబై, అహ్మదాబాద్, హైదరాబాద్‌లలోని 200 దుకాణాల్లో చూసినప్పుడు, ఎల్‌ఈడీ బల్బుల బ్రాండ్లలో 76 శాతం భద్రతా ప్రమాణాలకి తగినట్టు లేవని తేలింది. ఆ సంఘం పెద్ద కంపెనీలది కాబట్టి చిన్న బ్రాండ్లని తప్పుపట్టడంలో దాని స్వార్థం దానికి ఉండవచ్చు. ఆ మాట గుర్తుంచుకున్నా అంకె మాత్రం చిన్నది కాదు.

పాత ఫిలమెంటు బల్బే మేలని నేను అనను. 60 వాట్ల బల్బు స్థానంలో 9 వాట్లది పెడితే వెయ్యి గంటలకి 51 యూనిట్లు మిగులుతాయి. ఆ మిగులు బొగ్గు కాల్చకుండా వచ్చిన మిగులు. 2014 చివర్లో మన గుంటూరు, అనంతపురం, శ్రీకాకుళం, పశ్చిమ గోదావరి జిల్లాల్లో పాత బల్బు తెచ్చిచ్చిన ఇళ్ళకి పది రూపాయలకో ఎల్‌ఈడీ బల్బు చొప్పున పంచారు. 2015 జనవరి 5న ఆ పథకం దేశమంతటికీ వచ్చింది. తర్వాత దానికి ఉజాలా అని పేరు పెట్టారు. కేంద్ర సంస్థ ఈఈఎస్‌ఎల్ కోట్ల సంఖ్యలో ఒక్కసారే టెండరు పిలవడంతో, 2014లో 310 రూపాయలున్న కొనుగోలు ధర 2016 నాటికి 38 రూపాయలకి దిగింది. మొత్తం మీద 36 కోట్లకి పైగా బల్బులు పంచారు. గుడిసెలో చదువుకునే పిల్లకీ, ఊరి చివర ఇడ్లీ బండి నడిపే ఆవిడకీ మంచి వెలుగు అందింది. నాకు దీని మీద నిండు గౌరవం ఉంది.

గౌరవం ఉంది కాబట్టే ఇంకోమాట అడగాలనిపిస్తుంది. 310ని 38కి దించగలిగినంత బేరం శక్తి చేతిలో ఉన్నప్పుడు, మూడేళ్ళలో పోతే ఉచితంగా మార్చివ్వాలని షరతు పెట్టగలిగినప్పుడు, టోపీకి గమ్ము పెట్టకూడదనీ, డ్రైవరు విడిగా ఊడివచ్చేట్టు ఉండాలనీ కూడా అడగవచ్చు కదా. ధర అడిగాం, గ్యారంటీ అడిగాం. బాగుచేసుకునే వీలు అడగడం ఎవరికీ తట్టలేదు. గ్యారంటీ కింద తిరిగొచ్చిన బల్బు బాగుపడదు, దాని స్థానంలో ఇంకోటి వస్తుంది. అలా వచ్చిన ప్రతి కొత్త బల్బుకీ మళ్ళీ అల్యూమినియం కావాలి, గాలియం కావాలి.

ఈ రెంటి సంగతీ మన తెలుగువాళ్ళకి బాగా తెలిసుండాలి. రెండూ బాక్సైటు నుంచే వస్తాయి. ఎర్రమట్టిలాంటి ఆ రాయిని అల్యూమినాగా శుద్ధి చేసేటప్పుడు అందులోంచి కాస్తకాస్తగా పట్టుకునే లోహం గాలియం. నీలి చిప్పు తయారయ్యేది దాని నైట్రైడుతోనే. ఒక టన్ను అల్యూమినియానికి నాలుగైదు టన్నుల బాక్సైటూ, పదమూడు నుంచి పదిహేను వేల యూనిట్ల కరెంటూ కావాలి. వెనక మిగిలేది చవుడు కన్నా ఘాటైన ఎర్రబురద. ఇక మన విశాఖ మన్యం కొండల్లో, అరకు, అనంతగిరి, చింతపల్లి వైపు, ఆ రాయి మేటలు వేసి ఉంది. ఆ కొండల మీది బాక్సైటు మీద ఆశతోనే మాకవరపాలెంలో శుద్ధి కర్మాగారం కట్టారు. గిరిజనులు ఒప్పుకోలేదు. వాళ్ళ వాగులు పుట్టేదీ, కాఫీ, మిరియాలు పండేదీ ఆ కొండల మీదే. షెడ్యూల్డ్ ప్రాంతంలో గనుల లీజులు ప్రైవేటు కంపెనీలకి ఇవ్వకూడదని 1997లో సుప్రీంకోర్టు సమత కేసులో చెప్పిన తీర్పు పుట్టింది కూడా అనంతగిరి మండలంలోని గనుల తగాదా నుంచే. 2015లో చింతపల్లి అడవుల్లో బాక్సైటు తవ్వకానికి వచ్చిన 97వ నంబరు జీవో మీద మన్యమంతా లేచింది. చివరికి 2019లో దాన్ని రద్దు చేశారు. పక్కనే ఒడిశాలోని కోరాపుట్ జిల్లా దామన్‌జోడిలో మాత్రం తవ్వకం సాగుతూనే ఉంది. అక్కడి అల్యూమినా విశాఖ రేవు మీదుగానే ఓడలెక్కుతుంది.

ఒక్క బల్బులో ఉండే అల్యూమినియం గ్రాముల్లోనే. గాలియం అంతకన్నా ఎంతో తక్కువ, కంటికి ఆనదు. కానీ అల్యూమినియం రేకు తుక్కు కొట్టుకి చేరితే కరిగి మళ్ళీ వాడకంలోకి వస్తుంది. కొత్తగా తీసేటప్పుడు అయ్యే కరెంటులో ఇరవయ్యో వంతుతో సరిపోతుంది. గాలియం సంగతి అలా కాదు. వాడిపారేసిన బల్బుల్లోంచి దాన్ని తిరిగి తీయడమన్నది దాదాపు ఎక్కడా జరగడం లేదు. చెత్తబండి ఎక్కిందంటే అది పోయినట్టే. కొండని కాపాడుకోవడానికి ఒకచోట జనం ఏళ్ళ తరబడి కోర్టుల చుట్టూ తిరిగారు, రోడ్ల మీద నిలబడ్డారు. ఇంకోచోట అలాంటి కొండనే తవ్వి తెచ్చిన సరుకుని ఒక నల్లచుక్క కోసం మొత్తంగా పారేస్తున్నారు. ఈ రెండు సంగతులూ పక్కపక్కన పెట్టుకుంటే నాకు మనసు స్థిమితపడదు.

చౌక అయ్యేసరికి వెలుగు వాడకం కూడా పెరిగిపోయింది. ఆవిరి యంత్రం తక్కువ బొగ్గుతో నడవడం మొదలయ్యాక దేశం మొత్తం మీద బొగ్గు ఖర్చు పెరిగిందని ఇంగ్లండులో విలియం జెవన్స్ 1865లోనే రాశాడు. ఇప్పుడు మన కొత్త ఇళ్ళ ఫాల్స్ సీలింగులు చూడండి: గదికి ఒక లైటు చాలినచోట అంచుల వెంట పట్టీలు, మధ్యలో పది గుండ్రటి లైట్లు. వినాయక చవితికి కట్టిన సీరియల్ సెట్టు సంక్రాంతి దాకా వేలాడి, వానకి తడిసి, తర్వాత చెత్తలో పడుతుంది. ఆ సీలింగు లైట్లలో ఒకటి పోతే ఫిట్టింగు మొత్తం పీకాల్సిందే, లోపలి చుక్కల రేకు విడిగా రాదు.

ఇంత చెప్పాక మా ఊరి రైతుబజారు ఎదుట గొడుగు కింద కూర్చునే మరమ్మతు మనిషి గురించి చెప్పకపోతే అన్యాయం. ముందు ఒక చెక్కపెట్టె, దాని మీద సోల్డరింగ్ ఐరన్, పక్కన డబ్బాల్లో వాట్ల వారీగా రేకులు. ఆరిన బల్బు తీసుకెళ్తే టోపీని బొటనవేళ్ళతో ఓ పక్క నుంచి నొక్కి లేపుతాడు, మీటరు ముల్లు ఒక్కో చుక్క మీద ఆనిస్తాడు. "బల్బు పోలేదమ్మా, చుక్కొకటి పోయింది" అంటాడు. రేకు మార్చడానికి ఇరవయ్యో పాతికో, డ్రైవరు అయితే ఇంకాస్త. వెలిగించి చూపిస్తాడు, ఓ నిమిషం పట్టుకోమని మన చేతికిస్తాడు. కొన్నిటిని మాత్రం చూస్తూనే పక్కన పెట్టేస్తాడు. "ఇది గమ్ము పెట్టేసిన కంపెనీ అమ్మా, తీస్తే పగిలిపోద్ది." ఆయన పనిలో చిక్కు సర్క్యూటుతో కాదు, ఆ గమ్ముతోనే. ఇప్పుడు డ్రైవరు, చుక్కలు అన్నీ ఒకే రేకు మీద అచ్చుపోసిన బల్బులు కూడా వస్తున్నాయి. వాటిలో ఏది పోయినా రేకు మొత్తం మార్చక తప్పదు. అయినా బల్బు ఒళ్ళు, టోపీ, మూతి మిగులుతాయి.

ఈ మనుషుల్ని ఏ ప్రభుత్వ లెక్కలోనూ పరిశ్రమ అనరు. కోట్ల బల్బులు పంచిన దేశంలో ప్రతి మండల కేంద్రానికీ ఇలాంటి ఒక పెట్టె ఉంటే ఐటీఐ చదివిన కుర్రాళ్ళకి అదో బతుకుతెరువు. పాత టీవీలు, మిక్సీలు బాగుచేసిన చేతులు ఇంకా మన ఊళ్ళలోనే ఉన్నాయి.

యూరోపియన్ యూనియన్‌లో 2021 సెప్టెంబరు నుంచి ఒక నియమం అమల్లో ఉంది. లైటు ఫిట్టింగులో వెలుగిచ్చే భాగమూ, విడిగా ఉండే డ్రైవరూ మామూలు పనిముట్లతో, ఫిట్టింగు పాడవకుండా మార్చుకునేట్టు ఉండాలి. అలా చేయలేమంటే తయారీదారుడు సాంకేతిక కారణం చూపించాలి. మన పంచాయతీలు, మునిసిపాలిటీలు వీధిదీపాలు కొనేటప్పుడూ, స్కూళ్ళకీ ఆసుపత్రులకీ లైట్లు కొనేటప్పుడూ ఇదే షరతు టెండరు కాగితంలో రెండు వాక్యాలుగా రాసుకోవచ్చు, దానికి కొత్త చట్టం కూడా అక్కర్లేదు. ఇళ్ళకి కొనేవాళ్ళం షాపులో ధర అడిగాక ఇంకో రెండు ప్రశ్నలు అడగొచ్చు: దీని డ్రైవరు విడిగా దొరుకుతుందా, వెనక మరలున్నాయా గమ్మా? నేను మొదటిసారి అడిగినప్పుడు షాపతను వింతగా చూశాడు. ఈమధ్య వెళ్తే, డ్రైవరు విడిగా మార్చుకునే సీలింగు లైటు ఒకటి లోపలి నుంచి తీసుకొచ్చి బల్ల మీద పెట్టాడు. మామూలుదాని కన్నా అరవై రూపాయలు ఎక్కువ.